రూల్ నడవని రోజున: ఆన్‌లైన్ స్టోర్ ఆటోమేషన్ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ తడబడుతుంది

క్లుప్తంగా

ఆన్‌లైన్ స్టోర్ నడిపే సాఫ్ట్‌వేర్లలో ఇప్పుడు వర్క్‌ఫ్లో టూల్స్ (‘ఇది జరిగితే ఆ పని చేయి’ అని రూల్స్ పెట్టుకునేవి) కూడా కలిసే వస్తున్నాయి. ఆర్డర్‌కు ట్యాగ్ వేయడం, స్టాక్ తగ్గితే మెయిల్ పంపడం, అనుమానం ఉన్న ఆర్డర్‌ను పక్కన పెట్టడం లాంటి పనులు వీటితో కోడ్ రాయకుండానే జరిగిపోతాయి. ఇబ్బంది వస్తే అది టూల్ వల్ల కంటే, రూల్ ఏ క్షణంలో మొదలవ్వాలి, నడవకపోతే ఏమవుతుంది అన్నవి ముందే తేల్చుకోకపోవడం వల్లే ఎక్కువగా వస్తుంది. ఆన్‌లైన్ స్టోర్ ప్లాట్‌ఫామ్ షాపిఫై వాళ్ల ‘ఫ్లో’ను ప్రధాన ఉదాహరణగా తీసుకుని ఈ టూల్స్ పనితీరు, వాటి హద్దులు, మన దగ్గరి క్యాష్ ఆన్ డెలివరీ వ్యాపారానికి అవి సరిపోయే తీరు ఇక్కడ చూద్దాం.

రెండు నిమిషాల పనులు

ఒక ఆర్డర్ వచ్చాక దుకాణంలో జరిగే పనుల్లో పెద్దవి తక్కువ. పిన్‌కోడ్ సరిగా ఉందో లేదో చూడాలి. క్యాష్ ఆన్ డెలివరీ అయితే ఫోన్ చేసి కనుక్కోవాలి. గిఫ్ట్ ప్యాకింగ్ అడిగారేమో చూడాలి. పాత కస్టమరైతే గుర్తుపట్టాలి. ఒక్కోటి రెండు నిమిషాల పని. రోజుకు పది ఆర్డర్లు వచ్చినంతకాలం ఇదంతా ఒక మనిషి తలలోనే సాగిపోతుంది. దసరాకో సంక్రాంతికో అవే ఆర్డర్లు వంద దాటితే ముందుగా దెబ్బతినేది ప్యాకింగ్ కాదు, ఈ చిన్న చిన్న చెకింగులే. ప్యాకింగ్ ఆగితే పార్సిళ్లు కళ్లెదుటే పేరుకుపోతాయి, ఎవరో ఒకరు పట్టించుకుంటారు. చెకింగ్ మానేస్తే వారం తర్వాత పార్సిల్ తిరిగొచ్చినప్పుడు గానీ తెలియదు.

వర్క్‌ఫ్లో టూల్స్ పుట్టింది ఈ పనుల కోసమే. కానీ ప్రచారంలో మాత్రం స్టోర్ దానంతటదే నడిచిపోతుందన్నట్టు చెబుతారు. అందుకే కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఒకేరోజు పదిహేను రూల్స్ పెట్టేసుకోవడం, రెండు వారాలకు ఏది ఎందుకు నడుస్తోందో తెలియక అన్నీ ఆపేయడం మామూలైపోయింది.

ఖరీదైన ప్లాన్ నుంచి బేసిక్ ప్లాన్ దాకా

కెనడాలోని ఒటావా కేంద్రంగా 2006లో మొదలైన షాపిఫై, ఫ్లో అనే టూల్‌ను 2017లో తెచ్చింది. అప్పట్లో అది షాపిఫై ప్లస్ వాడే పెద్ద బ్రాండ్లకే అందుబాటులో ఉండేది. ఆ ప్లాన్ ధర నెలకు 2,000 డాలర్ల స్థాయిలో ఉండేది కాబట్టి చిన్న వ్యాపారులకు ఆ ఊసే లేదు. తర్వాత దశలవారీగా కింది ప్లాన్లకూ, చివరికి బేసిక్‌కూ వచ్చింది. విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. అయితే బయటి సర్వర్‌కు నేరుగా సమాచారం పంపే యాక్షన్ లాంటివి ఇప్పటికీ పై ప్లాన్లకే పరిమితం.

అంతకుముందు ఇదే పనికి జేపియర్ లాంటి బయటి సర్వీసులు ఉండేవి. 2011లో మొదలైన జేపియర్ వేలకొద్దీ యాప్‌లను కలుపుతుంది, చేసిన టాస్కుల లెక్కన ఛార్జ్ చేస్తుంది. ఆర్డర్లు పెరిగేకొద్దీ బిల్లూ పెరుగుతుంది. స్టోర్ లోపలి టూల్‌కు ఆ బాధ లేదు, స్టోర్ డేటా కూడా బయటికి వెళ్లి రావాల్సిన పని లేదు.

మరి కంపెనీ దీన్ని ఉచితంగా ఎందుకు ఇస్తోంది? కారణం ఊహించడం కష్టమేమీ కాదు. దుకాణం అలవాట్లన్నీ రూల్స్‌గా ఆ ప్లాట్‌ఫామ్‌లో పేరుకున్నాక వేరే ప్లాట్‌ఫామ్‌కు మారడం తేలిక కాదు. ఫ్లోలో రాసిన వర్క్‌ఫ్లోను ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, కానీ ఆ ఫైల్ మరో ఫ్లోలోనే తెరుచుకుంటుంది. ప్రొడక్టుల జాబితాను వూకామర్స్ లాంటి మరో ప్లాట్‌ఫామ్‌కు తరలించినంత తేలిగ్గా రూల్స్‌ను తరలించలేరు. నెలవారీ బిల్లులో కనపడని ధర ఇదే.

మూడు ముక్కలు

లోపల ఉన్న ఏర్పాటు కొత్తదేమీ కాదు. ఏదో జరగాలి, ఒక షరతు నిజమవ్వాలి, అప్పుడు ఒక పని చేయాలి. డేటాబేస్ పరిశోధకులు 1980లలోనే ఈ నమూనాపై పనిచేశారు. ఫ్లోలో ఈ మూడింటినీ ట్రిగ్గర్, కండిషన్, యాక్షన్ అంటారు. ఆర్డర్ రావడం, స్టాక్ సంఖ్య మారడం, కొత్త కస్టమర్ చేరడం ట్రిగ్గర్లు. ఆర్డర్ విలువ ఇంతకు మించిందా, కస్టమర్‌కు ఫలానా ట్యాగ్ ఉందా అన్నవి కండిషన్లు. ట్యాగ్ వేయడం, మెయిల్ పంపడం, డెలివరీ ఆపి ఉంచడం, ఆర్డర్ రద్దు చేయడం యాక్షన్లు.

మూడింటిలో కొత్తవాళ్లు తక్కువ ఆలోచించేది ట్రిగ్గర్ గురించి. ‘ఆర్డర్ రాగానే’ అని పెట్టేస్తారు. కానీ ఆర్డర్ రాగానే దాని గురించిన వివరాలన్నీ సిద్ధంగా ఉండవు. మోసం జరిగే అవకాశం తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అన్న అంచనా ఆర్డర్ నమోదైన కాసేపటికి వస్తుంది. ‘ఆర్డర్ వచ్చింది’ ట్రిగ్గర్ మీద ‘రిస్క్ ఎక్కువైతే ఆపు’ అని రాస్తే, కండిషన్ చూసే సమయానికి ఆ గడి ఇంకా ఖాళీగానే ఉండొచ్చు. రూల్ నడుస్తుంది, ఎర్రర్ రాదు, ఆర్డర్ మాత్రం ఆగదు. ఈ పనికోసం రిస్క్ అంచనా పూర్తయ్యాక మొదలయ్యే ట్రిగ్గర్ వేరే ఉంది. తెలియనివాళ్లకు అది పక్కనే ఉన్నా కనపడదు.

ఒక మెయిల్ కథ

అందరూ మొదట పెట్టుకునే రూల్ ‘స్టాక్ 10కి తగ్గితే మెయిల్ పంపు’. చూడటానికి ఇంతకంటే సులువైనది లేదు. కానీ ఇది రాసినట్టు రాస్తే ఏం జరుగుతుందో చూడండి. ఒక కిలో ఆవకాయ ప్యాకెట్ల స్టాక్ 11 ఉంది. ఒకటి అమ్ముడైంది, 10 అయింది, మెయిల్ వచ్చింది. మరొకటి అమ్ముడైంది, 9 అయింది. 9 కూడా 10 లోపే కాబట్టి మరో మెయిల్. 8కి మరొకటి. సున్నా అయ్యేసరికి ఒక్క ప్రొడక్టు మీదే పదకొండు మెయిల్స్. ఇలాంటి ప్రొడక్టులు యాభై ఉన్న దుకాణంలో నాలుగో రోజుకల్లా వాటిని ఎవరూ తెరవరు. హెచ్చరిక వస్తూనే ఉంటుంది, స్టాక్ అయిపోతూనే ఉంటుంది.

మందు చిన్నదే. స్టాక్ మారినప్పుడు ఫ్లో ఇప్పటి సంఖ్యతో పాటు అంతకుముందున్న సంఖ్యను కూడా ఇస్తుంది. ‘ఇప్పుడు 10 లేదా అంతకంటే తక్కువ, అంతకుముందు 10 కంటే ఎక్కువ’ అని రెండు కండిషన్లు పెడితే, గీత దాటిన ఆ ఒక్కసారే మెయిల్ వస్తుంది. మళ్లీ సరుకు నింపి, మళ్లీ తగ్గితే మళ్లీ ఒకటి. స్థితి వేరు, మార్పు వేరు. తక్కువగా ఉండటం స్థితి, తక్కువకు దిగడం మార్పు. ఒకే పని పదేపదే చేసే రూల్స్‌లో చాలావాటికి ఈ రెండూ కలిసిపోవడమే జబ్బు.

అన్ని సరుకులకూ ఇది పనికిరాదు. మంగళగిరి, పోచంపల్లి చేనేత చీరలు అమ్మే స్టోర్‌లో చాలా చీరలు ఒక్కొక్కటే ఉంటాయి. అక్కడ స్టాక్ 1 నుంచి 0కి దిగుతుంది, హెచ్చరికకు మధ్యలో చోటే లేదు. వాళ్ల అసలు తలనొప్పి వేరు: కౌంటర్ మీదో వాట్సాప్‌లోనో అమ్ముడైన చీర ఆన్‌లైన్‌లో ఇంకా ఉన్నట్టే కనిపించడం. దానికి ఏ వర్క్‌ఫ్లో మందు కాదు. సిస్టమ్‌లో నమోదు కాని అమ్మకం ట్రిగ్గర్‌కు తెలియదు. ముందు బిల్లింగ్ అంతా ఒకేచోటికి రావాలి, ఆటోమేషన్ ఆ తర్వాతి మాట.

క్యాష్ ఆన్ డెలివరీ దగ్గర లెక్క మారుతుంది

ఫ్లోతో వచ్చే రెడీమేడ్ టెంప్లేట్లలో మోసాలకు సంబంధించినవి చాలావరకు కార్డు చెల్లింపుల కోసం రాసినవి. దొంగ కార్డు, బిల్లింగ్ అడ్రస్ కలవకపోవడం లాంటి సంకేతాల మీద రిస్క్ అంచనా నడుస్తుంది. షాపిఫై సొంత చెల్లింపు వ్యవస్థ భారత్‌లో లేదు, ఇక్కడి వ్యాపారులు బయటి పేమెంట్ గేట్‌వేలు వాడాలి. పైగా ఇక్కడ పెద్ద నష్టం దొంగ కార్డుతో కాదు, పార్సిల్ గుమ్మం దాకా వెళ్లాక ‘వద్దు’ అనడంతో వస్తుంది. కొరియర్ భాషలో ఆర్‌టీఓ (రిటర్న్ టు ఒరిజిన్), అంటే పంపినచోటికే తిరిగి రావడం. పంపిన ఖర్చు, తిరిగొచ్చిన ఖర్చు రెండూ అమ్మినవాళ్ల మీదే పడతాయి. ఆ టెంప్లేట్లను ఉన్నవున్నట్టు ఆన్ చేసుకుంటే ఇక్కడి దుకాణానికి ఒరిగేది తక్కువ.

పనికొచ్చే రూల్ ఇలా ఉంటుంది: క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్ అయి, విలువ 3,000 రూపాయలు దాటి, ఆ కస్టమర్‌కు ఇది మొదటి ఆర్డర్ అయితే, డెలివరీ ఆపి ఉంచి, ‘ఫోన్ చేయాలి’ అని ట్యాగ్ వేసి, స్టాఫ్‌కు మెయిల్ పంపు. ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాక స్టాఫ్ ఆ ఆర్డర్‌ను విడుదల చేస్తారు.

కాగితం మీద బాగానే ఉంది. కానీ ఇందులో ఒక పరుగు పందెం ఉంది. ఆర్డర్ వచ్చిన కబురు ఫ్లోకు అందినట్టే, స్టోర్‌కు కలిపిన కొరియర్ యాప్‌కూ అందుతుంది. ఫ్లో పని వెంటనే మొదలవుతుందన్న హామీ లేదు, రద్దీ సమయంలో ఆలస్యం కావచ్చు. ఈలోపు కొరియర్ యాప్ పికప్ బుక్ చేసేస్తే, ఆపమన్న ఆదేశం పార్సిల్ కదిలాక వస్తుంది. మామూలు రోజుల్లో ఫ్లోనే గెలుస్తుంది కాబట్టి లోపం బయటపడదు. సేల్ రోజునే బయటపడుతుంది, అది కూడా ఎక్కువ ఆర్డర్ల మీద.

దీనికి మెరుగైన దారి రూల్‌ను తిరగేయడం. ‘అనుమానం ఉన్నదాన్ని ఆపు’ అనే బదులు ‘సరే అన్నదాన్నే పంపు’ అనాలి. కొరియర్ యాప్‌లో ట్యాగ్‌ను బట్టి ఆర్డర్లు తీసుకునే సెట్టింగ్ ఉంటే, ‘పంపొచ్చు’ అన్న ట్యాగ్ ఉన్నవాటినే తీసుకోమని పెట్టి, ఆ ట్యాగ్ వేసే పనిని ఫ్లోకు ఇవ్వాలి. ముందే డబ్బు కట్టిన ఆర్డర్లకూ, పాత కస్టమర్లకూ అది వెంటనే వేస్తుంది, మిగతావి ఫోన్ కోసం ఆగుతాయి. మొదటి పద్ధతిలో ఫ్లో నడవకపోతే పార్సిల్ ఖాయం చేసుకోకుండానే వెళ్లిపోతుంది, రెండో పద్ధతిలో దుకాణంలోనే ఉండిపోతుంది. ఆలస్యమైన పార్సిల్‌కు కస్టమర్ ఫోన్ చేసి అడుగుతారు. వద్దనుకున్న పార్సిల్ గురించి ఎవరూ ఫోన్ చేయరు.

గడియారం, జాబితా, రెండో రూల్

ఎర్రర్ చూపకుండా తప్పే పద్ధతులు ఇంకా ఉన్నాయి. ఒకటి టైమ్. వర్క్‌ఫ్లోలో తేదీలు లెక్కవేసే చోట సిస్టమ్ మామూలుగా అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని వాడుతుంది, మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందుంది. మన లెక్కలో తెల్లవారుజామున 4:30కి వచ్చిన ఆర్డర్ ఆ గడియారంలో ముందురోజు రాత్రి 11 గంటలది. అమెరికాలోని తెలుగువాళ్లకు పచ్చళ్లు, పొడులు పంపే దుకాణానికి ఇది చిన్న విషయం కాదు. న్యూజెర్సీలో వేసవి సాయంత్రం ఏడింటికి ఆర్డర్ పెడితే ఇక్కడ సరిగ్గా తెల్లవారుజామున నాలుగున్నర. ‘ఈరోజు వచ్చిన ఆర్డర్లు’ అని రోజూ లెక్కతీసే రూల్ వాళ్ల ఆర్డర్లను వరుసగా తప్పు తేదీలో వేస్తుంటుంది.

రెండోది జాబితాల పరిమితి. రోజూ ఉదయం పెండింగ్ ఆర్డర్లన్నీ వెతికి ఏదో చేయమనే రూల్‌లో, ఒకసారికి ఎన్ని తీసుకోవాలో చెప్పే గడి ఉంటుంది. అందులో 100 అని ఉంటే, 130 పెండింగ్ ఉన్న రోజున 30 బయటే ఉండిపోతాయి. మిగతా వందకు పని సక్రమంగా జరుగుతుంది, అందుకే అనుమానం రాదు.

మూడోది ఒక రూల్ మరో రూల్‌ను తగలడం. ఒకే ట్రిగ్గర్ మీద రెండు వర్క్‌ఫ్లోలు ఉంటే ఏది ముందు నడుస్తుందో చెప్పలేం. ఒకటి ట్యాగ్ వేస్తుందని, రెండోది ఆ ట్యాగ్ చూస్తుందని రాసుకుంటే, అది కొన్ని ఆర్డర్లకు పనిచేస్తుంది, కొన్నిటికి చేయదు. వెంట వెంట జరగాల్సినవి ఒకే వర్క్‌ఫ్లోలో ఉండాలి. ట్యాగ్ పడగానే మొదలయ్యే రూల్ మరో ట్యాగ్ వేస్తే, అది తనను తానే మళ్లీ లేపుకునే ప్రమాదమూ ఉంది.

అసలు దీని పరిధిలో లేనివీ ఉన్నాయి. ఆర్డర్ పడటమో స్టాక్ మారడమో లాంటిది జరిగాక చేయాల్సిన పనులకే ఫ్లో పనికొస్తుంది. కస్టమర్ కార్ట్‌లో ఉండగా ధర మార్చడం, ఫలానా పిన్‌కోడ్‌కు క్యాష్ ఆన్ డెలివరీ చూపకపోవడం లాంటివి చెక్అవుట్ పనులు, వాటికి వేరే ఏర్పాటు ఉంది. ఫ్లో సొంత మెయిల్ యాక్షన్ కూడా స్టాఫ్‌కు కబురు పంపడానికే, కస్టమర్‌తో మాట్లాడటానికి కాదు.

స్టాక్ అయిపోయిన ప్రొడక్టును స్టోర్‌లోంచి దాచేసే రూల్ గురించి ఒక మాట. ఇది బాగా ప్రచారంలో ఉంది, కానీ సీజనల్ సరుకుకు అంత మంచిది కాదు. మామిడి సీజన్ అయిపోయిందని ఆవకాయ పేజీని దాచేస్తే, గూగుల్‌లో వెతికి వచ్చినవాళ్లకూ, పాత లింకు పట్టుకుని వచ్చినవాళ్లకూ పేజీ లేదనే కనిపిస్తుంది. పేజీని ఉంచి, ‘అయిపోయింది’ అని చూపి, జాబితాలో కిందికి నెట్టడమే మేలు.

వూకామర్స్‌తో పోలిస్తే

వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్‌లో ఇంత పెద్ద వర్క్‌ఫ్లో టూల్ సహజంగా రాదు, విడిగా ఎక్స్‌టెన్షన్లు కొనాలి. అయినా కొన్ని ఆటోమేటిక్ పనులు సెట్టింగ్స్‌లోనే ఉంటాయి. డబ్బు కట్టని ఆర్డర్ కోసం స్టాక్‌ను మామూలుగా 60 నిమిషాలు పట్టి ఉంచి, ఆ తర్వాత ఆర్డర్‌ను రద్దు చేస్తుంది. స్టాక్ 2కి చేరితే హెచ్చరిక పంపుతుంది. ఈ రెండు అంకెలూ మార్చుకోవచ్చు. అయితే క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్ నేరుగా ప్రాసెసింగ్‌లోకి వెళ్లిపోతుంది కాబట్టి 60 నిమిషాల రూల్ దానికి వర్తించదు.

ఇందులో పెద్ద తేడా గడియారం దగ్గరే ఉంది. వర్డ్‌ప్రెస్‌లో టైమ్ ప్రకారం జరగాల్సిన పనులు మామూలు సెట్టింగ్‌లో, ఎవరైనా సైట్ తెరిచినప్పుడే కదులుతాయి. రాత్రి రెండింటికి పెట్టిన పని, ఆ సమయంలో ఒక్కరూ రాకపోతే తెల్లారి మొదటి విజిటర్ దాకా ఆగుతుంది. చిన్న సైట్లకు హోస్టింగ్‌లో అసలు క్రాన్ జాబ్ (టైమ్‌కు సర్వరే పని మొదలుపెట్టే ఏర్పాటు) పెట్టించుకోవడం తప్పదు. షాపిఫైలో ఈ పని కంపెనీ సర్వర్లు చూసుకుంటాయి. దానికి బదులుగా, తేడా వస్తే లోపలికి వెళ్లి చూసే అవకాశం వ్యాపారికి ఉండదు, రన్ హిస్టరీలో (రూల్ ఎప్పుడు నడిచింది, ఏం చేసింది అన్న చిట్టాలో) కనిపించినంతే.

రద్దు చేసింది రూల్ అయినా జవాబుదారీ వ్యాపారే

వినియోగదారుల పరిరక్షణ (ఈ-కామర్స్) నియమాలు 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల లోపు పరిష్కరించాలి. గడువు ఉన్న పని కాబట్టి గుర్తుచేసే రూల్‌కు ఇది చక్కగా కుదురుతుంది. కానీ అవే నియమాల్లో మరో మాట ఉంది: సంస్థ తనంతట తాను ఆర్డర్ రద్దు చేసినప్పుడు తానూ అలాంటి ఛార్జీ భరిస్తే తప్ప, ఖాయం చేశాక రద్దు చేసుకున్న కస్టమర్ దగ్గర రద్దు ఛార్జీ తీసుకోకూడదు. రిస్క్ కనిపించగానే ఆర్డర్లను రద్దుచేసే రూల్ పెట్టుకున్న దుకాణం తన రద్దు విధానాన్ని కూడా దీనితో సరిచూసుకోవాలి. ‘సిస్టమ్ చేసేసింది’ అన్నది కస్టమర్‌కు చెప్పే జవాబు కాదు. రద్దు, రీఫండ్ లాంటి వెనక్కి తీసుకోలేని పనుల్ని ట్యాగ్ వేయడం దగ్గర ఆపి, చివరి బటన్ మనిషికి వదిలేయడం ఇందుకే మంచిది.

కస్టమర్ ఫోన్ నంబర్లు, అడ్రసులు బయటి సర్వీసులకు పంపే రూల్స్ విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా గుర్తుండాలి. పార్సిల్ కోసం తీసుకున్న నంబర్‌ను ఒక రూల్ నిశ్శబ్దంగా మార్కెటింగ్ జాబితాలోకి తోసేస్తే, అది టెక్నికల్ సౌకర్యం మాత్రమే అనుకోవడానికి వీల్లేదు.

మాటల్లో చెబితే రూల్ తయారు

ఇప్పుడు ఈ రూల్స్ రాయడం కూడా మారుతోంది. షాపిఫై ఏఐ సహాయకుడు సైడ్‌కిక్‌కు కావలసింది మాటల్లో చెబితే వర్క్‌ఫ్లో ముసాయిదా తయారుచేస్తుంది. దీంతో రూల్ పెట్టడానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది, రూల్స్ సంఖ్య కూడా పెరుగుతుంది. ప్రతి రూల్‌కు ఒక పేరు, దాని బాధ్యత చూసే ఒక మనిషి, పాత ఆర్డర్ల మీద ఒక ట్రయల్, మొదటి వారం రన్ హిస్టరీ మీద ఒక కన్ను ఉండటం ఇప్పుడు మరింత అవసరం. పండగ కోసం పెట్టిన రూల్ పండగ తర్వాత కూడా నడుస్తూ ఉండటం కొత్త సమస్య కాదు, కానీ రూల్ పెట్టడం ఎంత తేలికైతే అది అంత ఎక్కువవుతుంది.

‘పెద్ద క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లు ఆపు’ అని చెబితే, ఎంత పెద్దవి, ఎవరు విడుదల చేస్తారు, ఆదివారం ఎవరు చూస్తారు అన్నవి ఆ వాక్యంలో లేవు. ఖాళీగా వదిలిన చోట ఏదో ఒక అంకె పడుతుంది. ఆ అంకె 3,000 అయినా 30,000 అయినా వర్క్‌ఫ్లో పక్కన ‘ఆన్’ అనే చూపిస్తుంది.